ఒక గాజు పలకయు, ఒక ప్రశ్నయు

మన పాఠశాల ప్రయోగశాలలో కిటికీ ప్రక్కనున్న బీరువా మూడవ అరలో ఒక గాజు పలక యున్నది. చదువరులలో పలువురు దానిని చూచియే యుందురు. గోరంత కొమ్మ యొకటి గులాబిరంగు అద్దబడి దానిపై అతుకబడి యున్నది. అది చెట్టు కొమ్మ కాదు. ఒబీలియా యను సముద్రజీవి. మేము 31 సంవత్సరములు ఆ పలకను విద్యార్థులకు చూపితిమి. "చూచుటకు మొక్క, నిజమునకు జంతువుల సంఘము" అని మొదలుపెట్టి, నల్లబల్లపై బొమ్మ గీసి, భాగముల పేర్లు వ్రాయించి, గంట కొట్టకముందే పాఠము ముగించెడివారము. ఆ పాఠము మాకు కంఠస్థము. కంఠస్థమైన పాఠమును గురించి ఉపాధ్యాయుడు మరల ఆలోచింపడు. మేమును ఆలోచింపలేదు.

ఆ జీవి సంగతి ఎఱుగనివారి కొఱకు రెండు మాటలు. సముద్రపు నాచుపై దారమువంటి తీగ యొకటి ప్రాకుచు, దానినుండి సన్నని కాడలు నిలువుగా లేచును. కాడకు ఇరువైపుల, ఒకటి విడిచి ఒకటిగా, చిన్న గిన్నెలు, గిన్నెకొక పాలిపు. పాలిపనగా ఒక నోరు, ఒక కడుపు, నోటిచుట్టు వ్రేళ్లవంటి స్పర్శకములు. ఇవి యన్నియు లోపల ఒకే గొట్టముచే కలిసి యున్నవి. కావున ఒకటి తిన్నది అన్నిటికిని చేరును. కాడ వంపులలో వేఱొక విధమగు సభ్యులు కలవు. వీనికి నోరు లేదు, స్పర్శకములు లేవు. తోడివారు తిని పంపిన యాహారముతోనే బ్రదుకును. వీని పని మొగ్గలు తొడుగుట. ఆ మొగ్గలు విడిపోయి చిన్నచిన్న గొడుగులై ఈదుకొని పోవును. వానినే మెడ్యూసా లందురు. మెడ్యూసాలలో ఆడ మగ కలవు. గ్రుడ్లు పెట్టునవి అవియే. గ్రుడ్డు నుండి వచ్చిన పిల్ల కొంతకాలమీది, ఒకచోట అంటుకొని, పాలిపుగా మారి, మరల తీగ సాగించును.

1994వ సంవత్సరమున, ఇంటర్మీడియేటు తరగతులు కూడ మాకు అప్పగింపబడియున్న దినములలో, ఈ పాఠము చెప్పుచుండగా బోర్డింగు బాలిక యొకతె లేచి నిలుచుండెను.

"మాస్టరుగారూ, ఈ రెంటిలో తల్లి యేది?"

"పాలిపు తల్లి, మెడ్యూసా బిడ్డ. వ్రాసికొనుము" అంటిమి.

"గ్రుడ్డు పెట్టునది మెడ్యూసా గదండీ. గ్రుడ్డు పెట్టనిది తల్లి యెట్లగునండీ? పెంచినంత మాత్రమున తల్లి యగునా?"

తరగతి గొల్లుమని నవ్వెను. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు మనస్సొప్పలేదు. "ఇది పరీక్షలో వచ్చు ప్రశ్న కాదు, కూర్చుండుము" అని గద్దించితిమి. ఆమె కూర్చుండెను. ఆ సంవత్సరము మఱి యే ప్రశ్నయు అడుగలేదు. కొన్ని దినములకు బోర్డింగు మేట్రనమ్మగారు మాటలసందున చెప్పిరి: ఆ పిల్ల పుట్టిన నాడే తల్లి పోయెననియు, అమ్మమ్మయే పెంచి చదువునకు పంపుచున్నదనియు, "అమ్మ" అని యెవరిని పిలువవలెనో యని తోడిపిల్లలు ఆమెను ఏడిపించుచుందురనియు. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. అయినను మఱునాడు తరగతిలో ఆ మాట యెత్తలేదు. తరువాతి పాఠమునకు పోయితిమి. ఏడాది చివర ఆమె వేఱొక యూరికి వెళ్లిపోయెను.

2019వ సంవత్సరము మే నెలలో మా కుమార్తె పురుడు నిమిత్తము మేమును మా యింటివారును నార్వే దేశమున బెర్గెన్ నగరమునకు వెళ్లితిమి. మా అల్లుని ఉద్యోగము అక్కడ. అది కొండలకును సముద్రమునకును నడుమ ఇరికిన పట్టణము. వర్షమునకు పేరుపొందినది, సంవత్సరమునకు 2000 మిల్లీమీటర్లకు మించి కురియును. చంటిబిడ్డ పని యంతయు మా యింటివారు చూచుకొనుచుండగా మాకు చేయదగిన పని లేకపోయెను. కావున గొడుగు పట్టుకొని రేవుగట్టు వెంబడి తిరుగుచుంటిమి.

అక్కడి తీరమున రాళ్లను పట్టుకొని కెల్ప్ అను పెద్ద నాచు అడవివలె పెరుగును. ఆ జాతులలో నొకటి ప్రతి వసంతమున క్రొత్త యాకు తొడిగి పాత యాకును విడుచును. విడిచిన యాకులు, తోలుపట్టీలవంటివి, అలలకు గట్టునకు వచ్చి పడును. పూర్వము రైతులు వానిని పొలములకు ఎరువుగా తోలుకొనెడివారట. మా ప్రక్కయింటి ముసలాయన ఇప్పటికిని తన ఉర్లగడ్డల మడికి బకెట్టులతో మోసికొని పోవుచుండెను. ఒకనాడు ఆయన బకెట్టులోని యాకుపై తెల్లని నూగువంటిది కనబడెను. భూతద్దము పెట్టి చూచితిమి. చూచి, వానలో అట్లే నిలిచిపోతిమి. మోకాలు వంచినట్లు ఇటొక వంపు అటొక వంపుగా లేచిన కాడలు! లినేయస్ 1758లో ఈ జాతికి పెట్టిన పేరులో మోకాలు అను అర్థముగల లాటిన్ మాట యున్నదని పుస్తకములో చదివి యెన్నిసారులు చెప్పియుంటిమో! ఆ మోకాళ్లను కన్నులార చూచుట అదియే మొదటిసారి.

ఆ యాకును ముసలాయన నడిగి తీసికొని, సముద్రపు నీటితో గాజు గిన్నెలో వేసి, చల్లని వరండాలో ఉంచితిమి. అల్లుడు పిల్లల సూక్ష్మదర్శిని యొకటి ఎక్కడనుండియో తెచ్చియిచ్చెను. మన పలకపై కొమ్మ చచ్చి ముడుచుకొనినది, ఇది బ్రదికినది. పాలిపులు స్పర్శకములను చాచి చేతులు చాపి నిలిచినట్లుండెను. ఒకదానిని సూదితో తాకినచో చటుక్కున గిన్నెలోనికి ముడుచుకొనును. కొన్ని గిన్నెలు మాత్రము వట్టివి. చచ్చినవేమో యనుకొంటిమి గాని సంగతి అది కాదు. ఈ కుటుంబపు జీవులలో ఒక్కొక్క పాలిపు కొలది దినములే యుండును. పిమ్మట కరగి, దాని సారము కాడలోనికి తిరిగిపోయి, దాని స్థానమున క్రొత్తది మొలచును. చలి నీటిలో ఈ మార్పు మెల్లగా జరుగును. ఋతువు ప్రతికూలించినప్పుడు పాలిపులన్నియు పోయి, నాచునంటిన తీగ మాత్రమే మిగిలి, మరల అనుకూలకాలమున చిగుర్చును. సభ్యులు పోవుచుందురు; సంఘము నిలుచును.

అయితే ఈ జాతి కాపురమున్న యిల్లే యేటేట రాలిపోవునది. ఆకు గట్టున పడినచో దానిపై తీగయు ఎండిపోవలసినదే. కావుననే ఆ గొడుగులు. మూడవనాటి ఉదయమున గిన్నెలోని నీటిలో ఆవగింజలో సగమైన లేని చుక్కలు కొట్టుకొనుచు కనబడెను. సూక్ష్మదర్శినిలో చూడగా ఒక్కొక్కటి పలుచని పళ్లెము. అంచున దారపుకుచ్చువలె స్పర్శకములు. ఒబీలియా మెడ్యూసాకు ఒక వింత యలవాటు కలదు: గాలికి వెనుకకు విరిగిన గొడుగువలె తరచు తన్ను తాను తిరగవేసికొని యీదును. బెర్గెన్ వీధులలో ఆ నెలలో మా గొడుగు రెండుసారులు అట్లే అయినది గనుక మాకు దానిపై విశేషమగు సానుభూతి కలిగెను. ఇవి కొన్ని వారములు మాత్రమే బ్రదుకును. ఒక సంఘమునుండి వచ్చినవి సాధారణముగ అన్నియు ఆడవి, లేక అన్నియు మగవి. కావున జతకొఱకు వేఱొక సంఘపు బిడ్డలున్న నీటికి చేరవలెను. గ్రుడ్లు విడిచిన పిదప చచ్చును. తమ గ్రుడ్డులనుండి మొలచు తీగను అవి యెన్నడును చూడవు.

ఆ ఉదయమున మాకు 1994 జ్ఞాపకము వచ్చెను.

ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు చదువగా, అది ఆ పిల్ల యొక్కతె యడిగినది కాదని తెలిసినది. దానిని మొదట నడిగినవాడు షమిస్సో. ఈయన కవి, రష్యా వారి రూరిక్ అను ఓడలో 1815 మొదలు 1818 వరకు భూమిని చుట్టివచ్చిన బృందమున ప్రకృతిశాస్త్రజ్ఞుడు. సాల్పా అను గాజువంటి సముద్రజీవులను పరిశీలించి ఆయన 1819లో ఒక సంగతి ప్రకటించెను: ఒంటరి సాల్పా గొలుసుగా చేరిన సాల్పాలను కనును, గొలుసులోనివి మరల ఒంటరిదానిని కనును, కాబట్టి బిడ్డ తల్లిని పోలక అమ్మమ్మను పోలును. ఆ కాలపు పండితులు పలువురు దీనిని నమ్మలేదు. నేడు దక్షిణ ధ్రువము చుట్టునున్న మంచు సముద్రములలో సాల్పాల గొలుసులను ఓడలపైనుండి పట్టి లెక్కించుచున్నారు. షమిస్సో చెప్పినదే సత్యము.

రెండవవారు బెర్గెన్ నగరపు బిడ్డయే. మిఖాయెల్ సార్స్ 1805లో అక్కడ పుట్టి, పాదిరియై, 1831లో కిన్ అను ద్వీపమునకును, తరువాత మాంగెర్ అను గ్రామమునకును గురువుగా పోయెను. వట్టి రాయి, గాలి, చేపలు పట్టువారు. అట్టి చోట ఆయన ఆదివారము ప్రసంగము చెప్పి, తక్కిన దినములలో వీలైనప్పుడెల్ల పడవలో పోయి సముద్రజీవులను తెచ్చి చూచెడివాడట. 1829లో ఆయన ఒక చిన్న పాలిపునకు ఒక పేరు, పళ్లెములు దొంతి పెట్టినట్లున్న మఱొక జీవికి వేఱొక పేరు పెట్టి, రెండును క్రొత్త జంతువులని అచ్చువేయించెను. కొలది యేండ్లలో ఆ మొదటిదే రెండవదిగా మారుట కన్నులార చూచెను. ఆ దొంతిలోని పళ్లెము లొక్కొక్కటే విడిపోయి జెల్లీచేపలుగా పెరుగునని తెలిసికొని, తాను వేర్వేఱుగా చెప్పినవి ఒకే జీవి యొక్క దశలని తానే ప్రకటించెను. ఒక గ్రామపు పాదిరి, పండితులెవరును తప్పు పట్టకముందే తన తప్పును తానే దిద్దుకొనెను. మేము బస్సులో మాంగెర్ వెళ్లి చూచితిమి. ఇప్పుడున్న తెల్లని కొయ్య దేవాలయము 1891లో కట్టినది, ఆయన కాలపుది కాదు. అయినను దాని యెదుట గొడుగు క్రింద కొంతసేపు నిలిచితిమి.

(ఇచ్చట ఒక ప్రక్కమాట. బెర్గెన్ లోనే 1873లో కుష్ఠురోగపు సూక్ష్మజీవిని కనుగొన్న హాన్సెన్ పేరు, డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రి నెఱిగిన మన మిషను వారికి తెలియనిది కాదు. ఆయన మామగారగు డానియెల్సెన్ వైద్యుడును కుష్ఠురోగులకు చికిత్స చేయుచునే, ఉత్తర సముద్రముల మెత్తని పగడపు జీవులను గురించి 1887లో పెద్ద గ్రంథము ప్రకటించెను. వారికి కాల మెట్లు చాలెనో!)

సార్స్ మొదలగువారి పరిశీలనలను చేర్చి, 1842లో డెన్మార్కు దేశపు స్టీన్‌స్ట్రుప్ ఈ తరముల మార్పునకు ఒక సిద్ధాంతము కల్పించెను. అందులో ఆయన పాలిపువంటి తరమును తల్లి యనలేదు. దానికి ఆయన పెట్టిన పేరు "దాది". గ్రుడ్డు పెట్టదు, గ్రుడ్డు పెట్టబోవు తరమును తన దేహముతో పోషించి పంపును. ఈ మాట చదివినప్పుడు ప్రక్కగదిలో మా యింటివారు మనుమరాలిని కాళ్లపై పండుకొనబెట్టి నూనె రాయుచుండిరి. మేము పుస్తకము మూసి కొంతసేపు అటే చూచుచుంటిమి.

ఆ మాటతో చర్చ ముగియలేదు. 1852లో ఇంగ్లండున హక్స్‌లీ మఱొక విధముగా చెప్పెను. ఒక గ్రుడ్డునుండి వచ్చినదంతయు ఒక్క ప్రాణియే. తీగ, కాడలు, పాలిపులు, విడిపోయి ఈదు మెడ్యూసాలు, అన్నియు కలిసి ఒక్కటే వ్యక్తి. మెడ్యూసా బిడ్డ కాదు, ఈదుటకు బయలుదేరిన అవయవము. ఈ లెక్కను పట్టినచో పాలిపునకును మెడ్యూసాకును నడుమ తల్లి-బిడ్డ సంబంధమే లేదు.

చలి సముద్రములు ఈ చిక్కును ఇంకను ముడివేయును. క్రిసియా యను చిన్న నాచుజంతువు, తెల్లని సున్నపు కుంచెవంటి సంఘము, ఉత్తర సముద్రపు రాళ్లపై నుండును. దాని గదిలో ఫలించిన ఒక్క గ్రుడ్డు తానే మొగ్గలు తొడిగి, నూటికి తక్కువ కాకుండ పిల్లలుగా చీలునని 1893లో హార్మర్ కనుగొనెను. ఆ నూరింటికిని తల్లి సంఘమా, ఆ ఒక్క గ్రుడ్డా? కెల్ప్ ఆకులపై తెల్లని జాలరు పరచినట్లుండు మెంబ్రానిపోరాయో, ముక్కోణపు చిప్పలో కొన్ని వారములు తిరిగిన ఒక్క పిల్ల ఆకునంటుకొనిన వెంటనే ఒక్కటిగా గాక కవలలుగా లేచును.

వీని యన్నిటిలో మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది మఱొకటి. నార్వే వారు దానిని చచ్చినవాని చేయి యందురు, ఇంగ్లీషువారు వ్రేళ్లందురు. పాలిపోయిన మెత్తని ముద్ద. దానిపై ఎనిమిదేసి స్పర్శకములు గల వేలకొలది పాలిపులు. ఇది వేసవి నడుమ తినుట మానివేయును. జూలై చివరనుండి కొన్ని నెలలు ముడుచుకొని, పైన పాచి పట్టినను కదలక, నిజముగ చచ్చినట్లే యుండును. డిసెంబరులో ఆ పాచిపొర నూడ్చుకొని విచ్చుకొనును. పిమ్మట, నీరు అతిశీతలమై పగలు కొన్ని గంటలే యుండు ఆ కాలముననే, గ్రుడ్లను నీటిలోనికి విడుచును. చలికాలమున బిడ్డల నేల కనవలెనని యడుగుదురేమో. ఆ గ్రుడ్లలో కొవ్వు నిండుగ నుండును. పిల్లలు ఏమియు తినక వారములు గడుపగలవు. వసంతమున వెలుగు పెరిగి సముద్రము సూక్ష్మజీవులతో పచ్చనగునప్పటికి అవి రాతినంటుకొని నోరు తెఱచుకొని సిద్ధముగ నుండును. ఆహారము వచ్చిన పిదప కనినచో ఆలస్యమగును. ఈ సంగతి ఐల్ ఆఫ్ మాన్ తీరమున పరిశీలించి 1975లో ప్రకటించిరి.

ఒబీలియా మెఱయునని చదివియుంటిమి గాని బెర్గెన్ లో జూన్ నెల రాత్రులు చీకటి పడవు. ఏమి చేయవలెను? కిటికీలేని స్నానపుగదిలోనికి గిన్నె తీసికొనిపోయి, దీపమార్పి, కన్నులు చీకటికి అలవాటు పడువఱకు కూర్చుండి, పుల్లతో కాడను తాకితిమి. ఆకుపచ్చని నిప్పురవ్వలు తీగ వెంబడి తళుక్కుమని ఆరిపోయెను. మరల తాకితిమి. ఇంతలో మా యింటివారు బిడ్డ నెత్తుకొని తలుపు తెఱచి, "చీకటిలో ఏమి చేయుచున్నారండీ? బిడ్డకు నీళ్లు పోయవలెను, లేవండి" అనిరి. గిన్నెతో లేచితిమి. మఱునాడు అల్లుడు ఆకును గిన్నెనీటితో సహా రేవులో వదలివచ్చెను.

గత జూన్ నెలలో మన పాఠశాల కార్యాలయమున కూర్చుండియుండగా, ఆరవ తరగతిలో చేర్చుటకు ఒక తల్లి కుమారుని తీసికొనివచ్చెను. ఆమెయే. మమ్ము గుర్తుపట్టి నమస్కరించెను. అమ్మమ్మ కుశలమా యని యడిగితిమి; పోయి తొమ్మిదేండ్లయినదని చెప్పెను. చేర్పు కాగితములపై సంతకము చేయవలసియుండెను, వెనుక పలువురు నిలుచుండిరి. ఇంతకంటె మాటాడుట పొసగలేదు. ఈ సంచిక తల్లిదండ్రులకు కూడ పంపబడునని సంపాదకులు చెప్పినందున ఇక్కడ వ్రాయుచున్నాము.

అమ్మా, నాడు మేము చెప్పిన జవాబు తప్పు. పాలిపు తల్లి, మెడ్యూసా బిడ్డ అని వ్రాయించితిమి, అది నిలువదు. గ్రుడ్డు పెట్టునది మెడ్యూసాయే యని నీవన్నది సరి. స్టీన్‌స్ట్రుప్ లెక్కలో పాలిపు దాది. హక్స్‌లీ లెక్కలో రెండును ఒకే ప్రాణి. పెంచినంత మాత్రమున తల్లి యగునా యని నీవడిగితివి. నోరులేనివానికి తాను తినినది పంపుచు, అవి గొడుగులై విడిపోవువఱకు మోయు పాలిపును, వరండాలో ఆ గిన్నె ముందు కూర్చుండి చూచినంత కాలమును, మేము వేఱొక పేరుతో పిలువలేకపోతిమి. ఆ దినమున నిన్ను కూర్చుండుమనుటయు తప్పే.

గాజు పలక ఇంకను మూడవ అరలోనే యున్నది. ఒక మూల బీట పడినది గాని కొమ్మకు హాని లేదు. నీ కుమారునికి ఈ సంవత్సరమే చూపుమని ఇప్పటి సైన్సు మాస్టరుగారితో చెప్పియుంచితిమి.